కన్ను కాదు, కొమ్ము

మూడోసారి కూడా కాగితం తిరిగొచ్చింది. అడుగున ఎర్ర సిరాతో ఒక్క ముక్క రాసి ఉంది: “ఏ నిబంధన తప్పారో చూపలేదు.” ఆ కాగితాన్ని పారల కుప్ప మీదికి విసిరికొట్టాను. కాసేపటికి నేనే వెళ్లి తీసుకుని, మట్టి దులిపి, మళ్లీ మడత పెట్టుకున్నాను. కాగితాలు మా సంఘానికి ఊరికే రావు మరి.

నా పేరు ఏసుదానం. పాచిపెంట కొండల మీదుగా వేస్తున్న కొత్త ఘాటు రోడ్డు దగ్గర, పనిముట్ల షెడ్డులో గుమస్తాను. అంతకుముందు సాలూరు మిషను బడిలో పంతులుని. కోపం ఆపుకోలేక ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాను, ఆ గొడవ ఇప్పుడెందుకు. సంఘాల చట్టం వచ్చిన రెండో ఏడు విశాఖపట్నం నుంచి ఒక వకీలుగారు వచ్చి రోడ్డు కూలీలకు సంఘం పెట్టించారు. కంట్రాక్టు కంపెనీ చేత పదకొండు నిబంధనల ఒడంబడిక రాయించారు. కొండ మీద చదువొచ్చిన సభ్యుణ్ని నేనొక్కణ్నే కాబట్టి నన్ను కార్యదర్శిని చేసి, చేతిలో ఒక పసుపు అట్ట పుస్తకం పెట్టి రైలెక్కారు.

ఫిర్యాదు ఎలా చేయాలో ఆ పుస్తకంలో ఉంది. ఒక ఫిర్యాదుకు ఒకే మనిషి పేరు. జరిగిన తేదీ వేయాలి. ఏడు రోజులు దాటకూడదు. ఏ నిబంధన తప్పారో, మనకేం కావాలో రాయాలి. అన్నిటికన్నా ముందు, ఎవరి మీద ఫిర్యాదో ఆయన చేతికే కాగితం ఇవ్వాలి. ఆయన మూడు రోజుల్లో జవాబు రాసి తీరాలి. అది నచ్చకపోతే ఇంజనీరు దొర విచారణ పెడతాడు. ఇందులో ఏది తప్పినా ఆయన కచేరీ నుంచి కాగితం తిరిగొచ్చేస్తుంది. ఎవరి మీద ఫిర్యాదో ఆయన చేతికే ఇవ్వమన్న మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. తన్నినవాడి దగ్గరికే వెళ్లి, అయ్యా తన్నావు, దయచేసి రసీదు ఇవ్వు అని అడగడం ఏం న్యాయం?

ఫిర్యాదు కనకది. పైన కొండ చరియకు మందు కూరి పేల్చే చోటుకు దిగువన, ఆడవాళ్లు వరసగా కూర్చుని కంకర కొడతారు. కనక అందులో ఒకతి. మొదట్లో పేల్చే ముందు గాసి అనే మనిషి కొమ్ము ఊదేవాడు. ఒకసారి ఊదితే సుత్తులు కింద పెట్టాలి. రెండోసారికి బండ చాటుకు పోవాలి. మూడోసారి ఊదాకే వత్తికి నిప్పు. ఆ కొమ్ము వల్ల రెండు కొండల మీదా పని ఆగిపోతోందని మేస్త్రీ వరహాలరావుకు కడుపుమంట. వానలు రాకముందే రోడ్డు పై మలుపు దాకా వెళ్లాలని ఆయన మీద ఒత్తిడి. పైగా, నాలుగేళ్ల కిందట మన్యంలో తెల్లవాళ్ల మీద జరిగిన పితూరీ తర్వాత కొండల్లో కొమ్ము మోగితే పోలీసులు ఉలిక్కిపడుతున్నారని ఒక సాకు. గాసిని రాళ్లు మోసే పనికి పంపేసి, తానే “మందూ!” అని అరవడం మొదలుపెట్టాడు. పక్కనే గెడ్డ నీళ్ల హోరు. సుత్తుల చప్పుడు. ఆ అరుపు ఆయన మీసం దాటి వచ్చేది కాదు.

ఒక పూట రాతి ముక్క వచ్చి కనక ఎడమ కంట్లో గుచ్చుకుంది. ఊళ్లో ఆకు పసరు కట్టారు. నేను పట్టుబట్టి సాలూరు మిషను ఆస్పత్రికి తీసుకుపోయాను. కన్ను పోయిందని నర్సమ్మ చెప్పింది. నాలుగో రోజుకల్లా కనక కంటికి గుడ్డ కట్టుకుని మళ్లీ కంకర దగ్గర కూర్చుంది.

“నీ కన్ను గురించి కాగితం రాస్తాను” అన్నాను.

“కన్ను గురించి ఎందుకు బాబూ? పోయింది మల్లీ వత్తదేటి? కొమ్ము గురించి రాయి. కింద ఇంకా పదైదుమంది ఆడగుంటలు కూకున్నారు.”

“కొమ్ము అని రాస్తే దొర నవ్వుతాడు. కన్ను అని రాస్తే ఉలిక్కిపడతాడు. నీకు తెలీదు, ఊరుకో.”

ఆమె ఊరుకుంది. ఆమెకు తెలీదని నేను అనుకున్నాను.

మొదటి కాగితం మీద వాళ్ల ఊరు ఊరంతా వేలిముద్ర వేసింది. వద్దంటే వినలేదు. ఊరి పెద్ద, మా రోడ్డు మీదే తట్టలు మోసే సోంబరు తాత నా ముందు గొంతుక్కూర్చుని ఎంతో ఓపికగా చెప్పాడు.

“ఒక మనిసికి దెబ్బ తగిల్తే ఊరికి తగిలినట్టే బాబూ. ఒక్క మనిసి పేరే రాత్తే, ఆ మనిసిని ఊరు ఒగ్గేసినట్టు. ఎలేసినోల్లనే అలా ఒంటిగా నిలబెడతాం మావు.”

ఆ కాగితం వచ్చినదారినే తిరిగొచ్చింది. ఒక కాగితం మీద పంతొమ్మిది కొండ వేళ్లు కనబడితే దాన్ని ఫిర్యాదు అనరనీ, పితూరీ అంటారనీ వరహాలరావు నవ్వుతూ చెప్పాడు. రెండోది తేదీ లేదని వచ్చింది. కనక చెప్పిన తేదీ “పాచిపెంట సంతకు ముందురోజు, వలిసె పూలు రాలతన్నప్పుడు” అని. నేను అదే రాసిపెట్టాను, బుద్ధి లేక. మూడోది పారల కుప్ప మీద పడిందని ముందే చెప్పాను కదా.

నాలుగోసారి ఒడంబడిక ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏడో నిబంధన: “పేలుడుకు ముందు కూలీలకు తగిన హెచ్చరిక చేయవలెను.” అది రాశాను. సంతల లెక్కన తేదీ పట్టుకున్నాను; మొదటి కాగితం ఏడు రోజుల్లోపే ఇచ్చాం కాబట్టి గడువు దాటలేదు. ఇక మిగిలింది ఒక్క పేరు. దానికోసం సోంబరు తాత ఇంటి అరుగు మీద పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా గొంతు చించుకున్నాను. నాకు కోపం వచ్చింది, ఆయనకు దగ్గు వచ్చింది. చివరికి కనకే విసిగిపోయి లేచి, కాగితం మీద బొటనవేలు గుద్దింది.

“ఒంటిగానే నిలబడతాన్లే తాతా. ఈ బాబు బాద సూల్లేకున్నాను” అంది.

వరహాలరావు కాగితం తీసుకున్నాడు. మూడు రోజుల తర్వాత “హెచ్చరిక చేయుచునే యున్నాము” అని ఒక్క వాక్యం జవాబు రాయించి పంపాడు. దాని మీద నేను విచారణ అడిగాను. సోమవారం పొద్దున కాంపు బంగళాలో ఇంజనీరు దొర వింటాడని కబురు వచ్చింది. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద లేవు. దొర ఏమడిగితే ఏం చెప్పాలో కనకకు నాలుగుసార్లు చెప్పించాను. గాసి చేత కూడా చెప్పించాను. ఆదివారం ప్రార్థనకు సాలూరు వెళ్లి, దేవుడికి కూడా ఏడో నిబంధన వివరించి వచ్చాను.

సోమవారం బంగళా వరండాలో దొర కుర్చీలో కూర్చున్నాడు. ఒక పక్క వరహాలరావు తలపాగా సర్దుకుంటూ నిలబడ్డాడు. ఇంకో పక్క కనక, గాసి, సోంబరు తాత. దొర ఇంగ్లీషులో అడిగాడు, నేను తెలుగులో చెప్పాను.

“నీ ఫిర్యాదు ఏమిటో చెప్పు, కనకా.”

కనక నావైపు చూసింది. తర్వాత సోంబరు తాతవైపు చూసింది.

“ఏటీ నేదు బాబూ. తగువు తీరిపోనాది” అంది.

నాకు సరిగా వినబడలేదేమో అనుకుని మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది. గాసిని అడిగాను. “తీరిపోనాది” అన్నాడు. దొర నన్ను అడిగాడు, ఏమంటున్నారని. ఆ మాటే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కాగితం మీద “ఉభయులూ రాజీపడిరి” అని రాసి, సంతకం చేసి, నా పొద్దు పాడుచేశావు అన్నట్టు నా ముఖం చూసి లేచిపోయాడు.

దారిలో పట్టుకున్నాను ముగ్గుర్నీ. ఏమేం తిట్టానో నాకే గుర్తులేదు. మిషనువాళ్లు వింటే బడిలోంచే కాదు, చర్చిలోంచి కూడా నా పేరు కొట్టేసేవారు. నాలుగు కాగితాలు, ఇరవై రోజులు, గెడ్డలు దాటి తిరిగిన కాళ్లు, ఇన్నీ వాళ్ల పాలబడి మట్టిలో కలిశాయని అరిచాను. సోంబరు తాత నేను అరవడం ఆపేదాకా ఆగాడు.

“నిన్న మేస్త్రీ మా ఊరొచ్చినాడు బాబూ. జీలుగు కల్లు కుండ తెచ్చినాడు. తప్పయిపోనాది, ఎల్లుండి నుంచి కొమ్ము ఊదించుతాను అన్నాడు. ఒకే ఆకు దొప్పలో ఆడూ తాగినాడు, కనకా తాగినాది, నానూ తాగినాను.”

“తాగితే?”

నేను అడిగిన ప్రశ్నకు ముగ్గురూ నన్ను జాలిగా చూశారు. కనక చెప్పింది.

“ఒక దొప్పలో తాగినాక తగువు మల్లీ ఎత్తకూడదు బాబూ. ఎత్తితే మాట తప్పినట్టు. మావు మాట తప్పకూడదు గదా. ఆడూ తప్పడు. తాగినాడు గదా.”

ఇరవై ఏళ్లుగా కొండల్లో పని చేయిస్తున్న మనిషి వరహాలరావు. ఆ దొప్ప వాళ్లను ఎంత గట్టిగా కట్టేస్తుందో ఆయనకు తెలుసు. తనను కూడా కట్టేస్తుందని మాత్రం ఆయన ఒక్క క్షణం కూడా అనుకుని ఉండడు. నేను ప్రార్థనకు పోయే రోజే చూసుకుని వెళ్లాడు. ఆ తెలివికి నాకు కడుపు మండిపోయింది. కానీ ఆ ముగ్గురి ముఖాల్లో ఆ ధీమా చూశాక ఇంకో మాట అనలేకపోయాను. రేపు చూద్దాం అనుకున్నాను.

రేపు వచ్చింది. పొద్దు నడినెత్తికి రాకముందే కొండ చరియ దద్దరిల్లింది. కొమ్ము లేదు. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం. గాసి రాళ్ల తట్ట నెత్తిన పెట్టుకునే ఉన్నాడు. నేను షెడ్డు వదిలి పరుగెత్తాను.

“మేస్త్రీగారూ, మాటిచ్చారట కదా?”

“కల్లు తాగి సవాలక్ష అంటాం మాస్టారూ. అవన్నీ మాటలేటండీ?” అని నవ్వాడు. “అన్నట్టు, ఆ ఒంటికన్ను మనిషిని రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాను. సూపు లేని మనిషిని కంకర దగ్గర కూకోబెడితే రేపు మీరే మల్లీ కాగితం రాత్తారు.”

నేను సోంబరు తాత ఇంటికి వెళ్లేసరికి కనక అక్కడే ఉంది. గాసి కూడా వచ్చాడు. నేను పసుపు పుస్తకం తీసి, దొర రాజీ అని రాసిన ఫిర్యాదును మళ్లీ తెరవకూడదన్న రూలు చదివి వినిపించాను. ఎందుకు చదివానో తెలీదు. వాళ్లను ఏడిపించడానికే అయి ఉంటుంది.

“చెప్పానా లేదా? ఇక మళ్లీ ఎవరికో ఇంకో కన్ను పోవాలి. అప్పుడు గానీ కొత్త కాగితం రాయడానికి వీల్లేదు!”

కనక కంటి గుడ్డ సర్దుకుంది.

“ఇయాల కొమ్ము ఊదలేదు గదా బాబూ?”

“లేదు. అదే కదా నా ఏడుపు.”

“మరి అది ఇయాల్టి తప్పు గదా? నా కన్ను తప్పు తీరిపోనాది. ఇయాల్టిది తీరలేదు గదా? రేపు ఊదకపోతే, అది రేపటి తప్పు.”

నేను పుస్తకం మూశాను. మొదటిరోజే ఈమె నాకు చెప్పింది, కన్ను కాదు, కొమ్ము అని. కన్ను ఒక్కరోజే పోయింది. కొమ్ము రోజూ పోతోంది. ప్రతిరోజుకూ ఒక కొత్త తేదీ, ప్రతి తేదీకి ఒక కొత్త ఫిర్యాదు. ఏడో నిబంధన ప్రతి పూటా తప్పుతుంటే, నేను చదువుకున్నవాణ్ని గనక, దొర ఉలిక్కిపడాలని ఒక్క తేదీ పట్టుకుని వేలాడాను. నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

“కానీ ఒక్క పేరు కావాలి. కనకను పనిలోంచి తీసేశారు. ఇంకెవరు ఒంటిగా నిలబడతారు?” అన్నాను. మళ్లీ గొంతు చించుకోవడానికి సిద్ధపడే అడిగాను.

సోంబరు తాత ముఖం గట్టిపడి ఉంది. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

“దొప్ప తాగి తప్పినోడికి మా ఊల్లో ఒక పద్దతి ఉంది బాబూ. ఊరంతా కలిసి ఎల్లకూడదు. ఇంటికొక మనిసి, రోజుకొకడు, ఆడి ముందుకెల్లి ‘నువ్వు తాగినావు’ అని మొకం మీద సెప్పాల. సెప్పి వచ్చేయాల. పంతొమ్మిది ఇల్లు. అందరూ అయ్యేదాకా ఆడికి తిండి సయించదు. రేపు నాను ఎల్తాను. నీ కాగితం కూడా ఇయ్యి, పట్టుకెల్తాను.”

ఎవరి మీద ఫిర్యాదో ఆయన చేతికే ఇవ్వాలన్న రూలును నేను ఇన్నాళ్లూ తిట్టాను. ఆ ముసలాయన దాన్ని పట్టుకుని తిన్నగా నడిచి వెళ్తానంటున్నాడు. నాకు నవ్వు వచ్చింది. చాలా రోజుల తర్వాత.

“నీ సంగతి తర్వాత రాస్తాను కనకా, ముందు ఈ పని కానీ” అన్నాను.

“అలాగే బాబూ. ముందు కొమ్ము” అంది.

మర్నాడు సోంబరు తాత రోడ్డు మీద, అందరి ముందూ, వరహాలరావుకు కాగితం అందించాడు. “నువ్వు తాగినావు” అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్లి తట్ట ఎత్తుకున్నాడు. వరహాలరావు నవ్వి కాగితం జేబులో పెట్టుకున్నాడు. రెండోరోజు గాసి. “నువ్వు తాగినావు.” మూడోరోజు ఒక ఆడమనిషి. నాలుగోరోజు ఇంకొకరు. ప్రతి కాగితం మీదా ఒక్క మనిషి పేరు, ఒక్క రోజు తేదీ, ఏడో నిబంధన, మాకు కావలసింది కొమ్ము. రోజూ పొద్దున షెడ్డులో కూర్చుని నేను రాస్తున్నాను. ఇంగ్లీషు నకలు ఒకటి, తెలుగు నకలు ఒకటి. వేళ్లు వాచిపోయాయి. అయినా ఆ రోజుల్లో నాకు కోపమే రాలేదు, అదొక వింత.

వరహాలరావుకు చదువు అంతంతమాత్రం. ప్రతిదానికీ మూడు రోజుల్లో జవాబు రాయించాలి. రాయించేలోపు ఇంకో మూడు వచ్చిపడుతున్నాయి. జవాబు రాని ప్రతి కాగితానికీ నేను దొరకు విచారణ అర్జీ పెడుతున్నాను. ఒకరోజు ఆయన నా షెడ్డుకే వచ్చాడు.

“పితూరీ సేత్తన్నారా మాస్టారూ?”

“ఒక్కొక్కటీ ఒక్క మనిషిదే మేస్త్రీగారూ. మీరు చెప్పిందే కదా” అన్నాను.

కాగితాలు తగ్గుతాయేమోనని ఆయన ఎదురుచూశాడు. మనుషులు తన ముందుకొచ్చి ఆ రెండు మాటలూ అనేసి వెళ్లిపోవడం ఆయన్ని క్రమంగా తినేస్తోందని మా అందరికీ కనబడింది. మధ్యాహ్నం అన్నం మూట విప్పి మళ్లీ కట్టేసుకునేవాడు. పదకొండో కాగితం నాడు ఇంజనీరు దొర గుర్రం మీద వచ్చాడు. ఎనిమిది విచారణ అర్జీలు చేతిలో ఊపుతూ, ఈ దిక్కుమాలిన కొమ్ము ఊదడానికి ఎంతసేపు పడుతుందని వరహాలరావును అడిగాడు. ఊదించు, ఇంకో కాగితం నా బల్ల మీదికి రాకూడదు అని దొర గుర్రం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఏడో నిబంధన మాట ఎత్తనైనా లేదు. కన్ను పోయిన మనిషి మాట అసలే లేదు. ఆయన అవస్థంతా కాగితాలతో.

మర్నాడు గాసి తట్ట దించి కొమ్ము అందుకున్నాడు. మొదటి ఊదుకే కింద ఆడవాళ్లందరూ సుత్తులు పెట్టేసి లేచారు. వరసలో కనక కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అది చూసినప్పుడు గానీ ఆమె కాగితం నాకు గుర్తు రాలేదు.

షెడ్డుకు వెళ్లి పసుపు పుస్తకం తెరిచాను. తెరవక్కర్లేదు, నాకు తెలుసు. ఏడు రోజులు. కనకను పనిలోంచి తీసేసి ఆ రోజుకు పన్నెండు రోజులు. అందరి కాగితాలూ రాసిన నేను, ఆమె కాగితం రాయలేదు. తర్వాత రాస్తానన్నాను. తర్వాత అంటే ఎప్పుడో నేను అడగలేదు, ఆమె అడగలేదు. ఆమె చెప్పిన తెలివే వాడి, పని ఇవ్వని ప్రతిరోజూ కొత్త తప్పేనని ఒక ఫిర్యాదు రాసి, వరహాలరావుకు ఒక నకలిచ్చి, దొరకు పంపాను. అది మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఒక్క ముక్క: “పనిలో లేని మనిషి ఫిర్యాదు చెల్లదు.” ఈసారి విసిరికొట్టడానికి కూడా నాకు చేతులు రాలేదు.

ఆ కాగితం పట్టుకుని కనక ఇంటికి వెళ్లాను. అరుగు మీద తిరగలి ముందు కూర్చుని రాగి చోళ్లు విసురుతోంది. చెప్పాను. నా తప్పే అని కూడా చెప్పాను. వకీలుగారికి రాస్తాను, కన్నుకు వేరే చట్టం ఉంది, వేరే కచేరీ ఉంది, అక్కడికి వెళ్దాం అని కూడా ఏదేదో అన్నాను. ఆమె తిరగలి ఆపలేదు.

“మల్లీ ఎన్నిసార్లు తిరిగొత్తాది బాబూ, ఆ కాగితం?”

నేను ఆ కాగితాన్ని మళ్లీ మడత పెట్టుకున్నాను.

అప్పుడు కొండ మీంచి కొమ్ము వినబడింది. సన్నగా, కానీ స్పష్టంగా. కనక చేయి తిరగలి మీంచి తీసేసింది. రెండోసారి ఊదారు. ఆమె తల వంచుకుని, మిగిలిన కంటికి అరచేయి అడ్డం పెట్టుకుంది. పనిలో లేదు, రాయి వచ్చి పడేంత దగ్గరా కాదు, అయినా పెట్టుకుంది. మూడోసారి ఊదాక అరుగు అదిరింది. ఆ మోత సద్దుమణిగేదాకా ఆగి, ఆమె మళ్లీ పిడి పట్టుకుని తిప్పసాగింది. నాకు తల ఎత్తి ఆమెను చూసే ముఖం లేక, నా రెండు కళ్లూ నేల మీదే పెట్టుకుని కూర్చున్నాను.